తేమ సారు పిడికెడు బియ్యం

కామారెడ్డిలో నేను పనిచేసే రైస్ మిల్లులో నన్నందరూ తేమ సారు అంటారు. వడ్లు తెచ్చిన రైతు సంచి మూతి విప్పగానే రెండు గింజలు తీసి పంటి కింద పెట్టి కొరుకుతాను. పదిహేను శాతమో పద్దెనిమిది శాతమో అక్కడికక్కడే చెప్పేస్తాను. తర్వాత మీటరు పెట్టి చూసినా దాదాపు అదే వస్తుంది. ఎప్పుడైనా తేడా వస్తే మీటరుదే తప్పని నేనంటాను, నాదే తప్పని రైతు అంటాడు. బీబీపేట నుంచి, మాచారెడ్డి నుంచి ట్రాక్టర్లేసుకుని వచ్చినవాళ్ళను తేమ ఎక్కువుందని చెప్పి, వడ్లు ఎండబోయించి, రెండేసి రోజులు మిల్లు ముందర కూర్చోబెట్టిన ఘనుణ్ణి. అలాంటి నాకు పిడికెడు బియ్యం తీయడం రాదని రెండు వేల పదమూడులో, ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస దినాల్లో, మా వంటింట్లోనే తేలిపోయింది.

మేముండేది ఎల్లారెడ్డిలో. రోజూ పొద్దున బస్సెక్కి లింగంపేట మీదుగా కామారెడ్డి పోతాను, పొద్దు గూకినాక తిరిగొస్తాను. ఇంట్లో నన్ను కన్న మా అవ్వ, నా భార్య శ్రీలత, అప్పట్లో ఏడో తరగతి చదివే మా బిడ్డ సునీల. అంతకుముందు వానాకాలం దాకా బాపు కూడా ఉన్నాడు. మా ముత్తవ్వ కాలం నుంచి మేం క్రైస్తవులం. పేర్లు మాత్రం పాతవే ఉండిపోయాయి. బాపు హన్మండ్లు, అవ్వ గౌరవ్వ, నేను కృష్ణమోహన్. చర్చికి కొత్తగా వచ్చిన ప్రతి అయ్యగారూ రిజిస్టరులో మా పేర్లు చదివి ఒకసారి తలెత్తి చూస్తాడు. మా ముఖాలు చూశాక మళ్ళీ తల దించుకుని పని చూసుకుంటాడు.

మా చర్చి ఆడవాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. అన్నం వండే ప్రతిసారీ అందులోంచి ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేస్తారు. అది దేవునిది. అవ్వకు చదువు రాదు కాబట్టి ఆమె బైబిలు, పాటల పుస్తకం, ప్రార్థన అన్నీ ఆ పాత డాల్డా డబ్బానే. పిడికెడు తీసి కళ్ళు మూసుకుని పెదవులు కదిలించేది. చిన్నప్పటి నుంచి వినీ వినీ ఆ మాటలు నాకు కంఠతా వచ్చు. ఇది నీది, మా ఇంటాయనను చూడు, మా కృష్ణమోహన్‌ను చూడు, కోడలిని చూడు, సునీలను చూడు, బర్రెను చూడు. మొగుని పేరు దేవుని ముందర కూడా పలకడానికి ఆమెకు సిగ్గు. ఇంటాయన అంటే ఎవరో దేవునికి తెలుసని ధీమా. బర్రెను అమ్మేసి రెండేళ్ళయినా దాని వంతు మాత్రం ఆగలేదు. ఎక్కడున్నా అది బతకాలి గదా అనేది.

నా భక్తి మొత్తం ఆ డబ్బాలోనే ఉండేది. చర్చిలో నాది చివరి బెంచీ. ప్రసంగం మొదలవగానే నా చూపు గోడ గడియారం మీదికి పోతుంది, ఆలోచన ఇంట్లో ఉడికే కూర మీదికి పోతుంది. మనిషికి సొంత భక్తి ఒకటి ఉండాలని నాకెప్పుడూ తోచలేదు. రోజుకు రెండు పూటలు నా పేరు దేవుని దగ్గరికి చేరుతోంది, మళ్ళీ నేను వేరే పోయి ఆయనను ఇబ్బంది పెట్టడం దేనికని ఊరుకున్నాను.

బాపుకు గుండె నొప్పి వచ్చి కామారెడ్డిలో ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. దగ్గర్లోనే ఒక గది తీసుకుంటే అవ్వ అక్కడే వండింది. డబ్బాను కూడా వెంట తెచ్చుకుంది. పూటకు రెండు పిడికిళ్ళు వేసింది. పదో రోజు బాపు పోయాడు. మట్టి ఇచ్చి వచ్చిన తెల్లారి, డబ్బాలో ఉన్న బియ్యం చర్చికి పంపించి, డబ్బా కడిగి, ఎండబెట్టి, వంటింటి సజ్జ మీద బోర్లించింది. ఏడవలేదు. దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. మళ్ళీ చర్చికి రాలేదు. ఎవరైనా అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పేది. ఆ మోకాళ్ళతోనే మా ఇంటికి నీళ్ళ బిందెలన్నీ మోసేది.

కొడుకును కాబట్టి నాకు బాధ కలగాలి. కలిగింది, అబద్ధమెందుకు. కానీ బాధకంటే ముందు భయం వచ్చింది. ఇప్పుడు నా పేరు పైన ఎవరు చెబుతున్నారు? ఆ చలికాలం నాకు జరిగిన ప్రతి చెడుకూ బోర్లించిన ఆ డబ్బానే కారణమైంది. బస్సు టైరు పంక్చరైతే డబ్బా వల్లనే. చర్చి బయట నా చెప్పులు పోతే డబ్బా వల్లనే. మిల్లులో ఒక లోడు నేను పద్నాలుగు శాతమని దింపించుకున్నాక సంచుల అడుగంతా తడిగా ఉందని తేలి, సేటు హమాలీల ముందర నన్ను కడిగేస్తే, అది కూడా డబ్బా వల్లనే.

వీటన్నిటినీ నవ్వుకుని వదిలేయొచ్చు. వదిలేయలేనిది ఒకటుంది. ఈస్టర్ నాడు తెల్లవారకముందే మా వాళ్ళంతా సమాధుల దగ్గరికి పోయి కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. పోయినవాళ్ళు మళ్ళీ లేస్తారని అక్కడ నిలబడి ఒకరికొకరం చెప్పుకుంటాం. బాపు పోయాక అదే మొదటి ఈస్టర్. అవ్వను రమ్మని అడిగితే రానంది.

"లేపుతా అన్నోడు దవాఖానల్నే లేపకపాయె. ఇగ గక్కడికి నేనెందుకొస్త?" అంది.

అవ్వ లేకుండా బాపు సమాధి ముందర ఒక్కణ్ణే నిలబడే ధైర్యం నాకు లేదు. అక్కడ పాడే పాట కూడా ఆమె ముందు ఎత్తుకుంటేనే నాకు వస్తుంది. ఈస్టర్ లోపల అవ్వ ఆ డబ్బాను మళ్ళీ తిరగేసి పెట్టాలి. పెడితే సమాధి దగ్గరికి కూడా వస్తుంది. ఇదీ నా ఆశ.

లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం సాయంత్రం మా చర్చిలో ఒక్కొక్కరూ లేచి, ఈ నలభై రోజులు ఏం మానేస్తారో అందరి ముందర చెబుతారు. మాంసమని కొందరు, టీవీ అని కొందరు అన్నారు. నా వంతు వచ్చింది. చివరి బెంచీలో లేచి నిలబడేసరికి అందరూ మెడలు తిప్పి చూశారు. ఆ కంగారులో చాయ అనేశాను. మిల్లులో నేను రోజుకు ఏడు చాయలు తాగుతాను. మూడో రోజుకే తల పగిలిపోతుంటే తాడ్వాయిలో బస్సు ఆగినప్పుడు దిగి కాఫీ తాగాను. చాయ మానేస్తానన్నాను గానీ కాఫీ మాట ఎత్తలేదు కదా అని దేవునికి వివరించాను. ఆయన ఏమీ అనలేదు. కాఫీ మాత్రం పరమ చెడ్డగా ఉంది.

లెంట్‌లో ప్రతి శనివారం పొద్దున్నే భూదవ్వ చిన్నమ్మ భుజాన సంచి వేసుకుని ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం పోసుకుపోతుంది. అవ్వకు చిన్నప్పటి దోస్తు. ఆ బియ్యమంతా చర్చిలో ఒక డ్రమ్ములో కలిపి దాచి, ఈస్టర్ నాడు వండి అందరికీ పెడతారు. మా ఇంటి డబ్బా ఖాళీగా కనపడితే నలుగురిలో పరువేం కావాలని నాకు బెంగ పట్టుకుంది. మిల్లులో చూసేసిన నమూనా బియ్యం చిన్న చిన్న ప్యాకెట్లలో మిగులుతుంది, సేటుకు చెప్పే ఇంటికి తెచ్చుకుంటాం. దేవునికి పెట్టేది కదా అని వాటిలో మేలైన సన్నబియ్యం ఏరి తెచ్చాను. అవ్వ నల్లా దగ్గరికి పోయినప్పుడు డబ్బా దింపి, అంచుదాకా పోసి, పైన అరచేత్తో చదును కూడా చేశాను.

శనివారం భూదవ్వ చిన్నమ్మ డబ్బాలో చెయ్యి పెట్టింది. గుప్పెడు తీసి, గడప వెలుతురులో అరచేతిలో పరిచి చూసింది. అచ్చం మిల్లులో నేను చూసినట్టే చూసింది.

"గిది పిడికెడు బియ్యం కాదు కొడుకా," అంది.

మొదటి రకం బియ్యం, ఒక్క నూక లేదు, వంక పెట్టడానికేముందని అడిగాను. ఆమె తన సంచి మూతి తెరిచి చూపించింది. అందులో దొడ్డుబియ్యం, సన్నబియ్యం, కంట్రోల్ బియ్యం, నూకలు అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"పూటకో తీరు తింటం. ఏ పూటది ఆ పూట వచ్చి పడతది. నీదంత ఒక్క తీరుగున్నది, ఒక్కపారే పోసినవు. నలభై ఏండ్ల సంది మోస్తున్న, గౌరవ్వ బియ్యం నాకు ఎరుక లేదా?"

అలా అని మా చాట తీసుకుని బియ్యమంతా అందులో కుమ్మరించి, మీరే తినండని చెప్పి వెళ్ళిపోయింది. పక్కనే కూర్చుని చుక్కకూర తెంపుతున్న అవ్వ తల ఎత్తలేదు. ఆకులు మాత్రం కొంచెం గట్టిగా తెంపింది. మిల్లు గేటు నుంచి నేను వెనక్కి పంపిన రైతులంతా వరసగా గుర్తొచ్చారు.

శ్రీలతను బతిమాలాను. వండేది ఎలాగూ నువ్వే, ఆ పిడికెడేదో నువ్వే తీసి వెయ్యి అన్నాను. ఆమె చర్చికి వస్తుంది, పాడుతుంది, నాకంటే భక్తి కూడా ఎక్కువే. అయినా ఒప్పుకోలేదు.

"నేనేస్తే డబ్బా నిండుతది. నిండితే అత్తమ్మను ఇగ ఎవ్వరు అడుగరు," అంది.

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. రెండో శనివారం భూదవ్వ చిన్నమ్మ మా గడప ముందర ఆగకుండా పక్కింటికి పోయింది. అవ్వ తలుపు దగ్గర నిలబడి ఆ సంచి వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఆ చూపు చూశాక నాకు పరువు సంగతి గుర్తు రాలేదు. సోమవారం నుంచి నేనే మొదలుపెట్టాను.

పొద్దున మా వీధికి నల్లా అరగంట వస్తుంది. శ్రీలత బియ్యం గిన్నె గట్టు మీద పెట్టి, బిందెలు పట్టుకుని బయటికి పోతుంది. వెనకే అవ్వ పోతుంది. వంటింట్లో ఎవరూ ఉండని సమయం అదొక్కటే. ప్రార్థన చేస్తూ ఎవరి కంటైనా పడతానేమోనని నాకు మహా సిగ్గు. దొంగతనంగా సిగరెట్లు తాగిన వయసులో కూడా అంతగా దాక్కోలేదు. గబగబా గిన్నెలో చెయ్యి పెట్టి పిడికెడు తీసేవాణ్ణి. నీళ్ళు మోచేతి దాకా కారేవి. డబ్బాలో వేసి, చీమలు పట్టకుండా మూత గట్టిగా బిగించి, డబ్బాను మళ్ళీ సజ్జ మీదికి తోసేవాణ్ణి.

మాటలు అవ్వవే. ఇది నీది అన్నాక, బాపు దగ్గర ఆగిపోయేవాణ్ణి. పోయిన మనిషిని ఏం చేయమని అడగాలో తెలిసేది కాదు. దాటేసి, నన్ను చూడు, శ్రీలతను చూడు, సునీలను చూడు అనేవాణ్ణి. వరుస చెడగొట్టడమెందుకని బర్రెను కూడా చూడమనేవాణ్ణి. ఇంకా ఎవరో మిగిలిపోయినట్టు అనిపించేది. ఎవరో గుర్తు రాక, నల్లా దగ్గర చప్పుడు ఆగడంతో బయటికి వచ్చేసేవాణ్ణి.

ఆ వారం నాలో ఒక మార్పు వచ్చిందని ఒప్పుకోవాలి. పొద్దున పేరు చెప్పి చూడమని అడిగిన మనిషి మీద సాయంత్రం అరవాలంటే నోరు రాదు. మూడు రోజులు నేను శ్రీలత మీద గొంతు లేపలేదు. నాలుగో రోజు ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరమేమోనని చూసింది.

శనివారం నేనే వాకిట్లోకి వెళ్ళి భూదవ్వ చిన్నమ్మను పిలిచాను. డబ్బా తెచ్చి గర్వంగా ఆమె చేతిలో పెట్టాను. మూత రాలేదు. ఇద్దరం పట్టి లాగితే వచ్చింది. ముందు వాసన కొట్టింది. పులిసిన కల్లు వాసన, అదీ లెంట్ దినాల్లో. లోపల బియ్యం ముద్ద కట్టి ఉంది, దాని మీద పచ్చగా, నల్లగా బూజు. భూదవ్వ చిన్నమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"కడిగినంక తీసినవా?" అని అడిగింది.

అవునన్నాను. కడగకముందు తీయాలని నాకెవరూ చెప్పలేదన్నాను. శ్రీలత లోపలి నుంచి వచ్చి డబ్బాను చూసి, నన్ను చూసి, గోడ వైపు తిరిగింది. అప్పుడు అవ్వ మంచం దిగి వచ్చింది. డబ్బాలోకి వంగి చూసింది. బూజును వేలితో పొడిచింది. మూత ఎందుకు అంతలా బిగించావని నెమ్మదిగా అడిగింది. చీమలు పడతాయని చెప్పాను. అవ్వ భూదవ్వ చిన్నమ్మ వైపు తిరిగింది.

"మిల్లుల తేమ సూసేది వీడే," అంది.

ముందు ఆమె భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికి వచ్చింది. బాపు పోయిన ఏడు నెలలకు మా ఇంట్లో అవ్వ నవ్వింది. భూదవ్వ చిన్నమ్మ నవ్వింది, శ్రీలత నవ్వింది, సునీల పుస్తకం వదిలేసి వచ్చి సంగతి తెలియకుండానే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే అవ్వ గడప పట్టుకుని కింద కూలబడింది. అప్పుడది ఏడుపైంది. మట్టి ఇచ్చిన నాడు రావాల్సిన ఏడుపు అప్పుడు వచ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు. శ్రీలత పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది. నాకూ దుఃఖం ఆగలేదు. భూదవ్వ చిన్నమ్మ చూస్తుందని డబ్బా పట్టుకుని పెరట్లోకి పోయి, బూడిదతో తోముతూ ఏడ్చాను.

డబ్బా కడిగి తుడిచి తెస్తే అవ్వ నా చేతిలోంచి తీసుకుంది. లోపల వేలు తిప్పి చూసి, నమ్మకం లేక, కొంగుతో మళ్ళీ తుడిచింది. మా ఇంటి బియ్యం డ్రమ్ము దగ్గరికి పోయి ఒక పిడికెడు తీసింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. పైకప్పు వైపు, అక్కడ ఎవరో తప్పు చేసి నిలబడ్డట్టు చూసింది.

"నీ మీద కోపం పోలే నాకు," అంది. "మా ఇంటాయన నీ కాడికే వచ్చిండు. ఇగ ఆయన సంగతి నువ్వే సూసుకో. అడుగుతడు గని చాయల చక్కెర ఎక్కువ వెయ్యకు. ఈ పోరనికి నలభై ఏండ్లొచ్చినయి, బియ్యం తీసుడు గూడ రాదు. జర వీన్ని సూడు."

తర్వాత కోడలిని, సునీలను, బర్రెను చూడమంది. పిడికిలి విప్పి బియ్యం డబ్బాలో జారవిడిచింది. మూతకోసం చెయ్యి చాపింది.

అప్పుడు తట్టింది నాకు, వారమంతా గుర్తు రాక వదిలేసిన పేరు. అమ్మేసిన బర్రెకు కూడా చోటున్న ఆ వరుసలో అవ్వ లేదు. ఆ రోజే కాదు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ లేదు.

"నీ పేరేదవ్వా?" అన్నాను.

అవ్వ మూత అందుకుని దాని అంచును కొంగుతో తుడిచింది.

"నాది మీ బాపు చెప్పెటోడు," అంది.

ఏడు నెలలు నా పేరు ఎవరు చెబుతున్నారని నేను బెంగపడ్డాను. చెప్పులు పోతే బెంగపడ్డాను, టైరు పంక్చరైతే బెంగపడ్డాను. ఆ ఏడు నెలలూ ఆమె పేరు చెప్పేవాళ్ళే లేరు. అది నాకు తోచనే లేదు.

మూత పెట్టొద్దన్నాను. డ్రమ్ములో చెయ్యి పెట్టి పిడికెడు తీశాను. గంత పిడికిలేందిరా, జర తక్కువ తియ్యి, మాపటికి మనం తినాలె గదా అంది అవ్వ. కొంచెం వదిలేశాను. ముగ్గురు ఆడవాళ్ళు, నా బిడ్డ చూస్తున్నారు. దాక్కోవడానికి చోటు లేదు.

"ఇది నీది," అన్నాను. "మా అవ్వ గౌరవ్వను సూడు."

పిడికిలి విప్పాను. పొడి బియ్యం డబ్బా అడుగున పడిన చప్పుడు వినిపించింది. తన పేరు మరెవరిదో అన్నట్టు అవ్వ విన్నది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని మూత పెట్టింది, బిగించకుండా వదులుగా పెట్టింది. భూదవ్వ చిన్నమ్మ సంచి చాపింది. రెండు పిడికిళ్ళ కోసం ఇంతసేపు ఎప్పుడూ నిలబడలేదని సణుగుతూనే బియ్యం పోసుకుంది. నేను ఎక్కాల్సిన బస్సు ఎప్పుడో పోయింది.

ఆ రోజు నుంచి రెండు పూటలూ డబ్బాలో బియ్యం పడ్డాయి. పొద్దున అవ్వ, మాపటికి నేను. నా పిడికెడును ఆమె పక్కన నిలబడి చూసి, చేతులు తుడుచుకున్నానో లేదో అడిగేది. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు అవ్వ మాతో చర్చికి వచ్చి తిరిగొస్తూ, ఈస్టర్ నాడు మబ్బులనే, ఇంకా తెల్లవారకముందే, తనను లేపమని చెప్పింది. లేపుతానన్నాను. పుట్టినప్పటి నుంచి పొద్దున నన్ను లేపింది ఆమే, అయినా మాటిచ్చాను.

మార్చి ముప్పై ఒకటిన ఈస్టర్. ముందురోజు ఫోనులో రెండు అలారాలు పెట్టుకున్నాను. అవి మోగాయో లేదో నాకు తెలియదు. కళ్ళు తెరిచేసరికి అవ్వ తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, కొవ్వొత్తుల ప్యాకెట్ పట్టుకుని నా మంచం పక్కన నిలబడి ఉంది.

"లెవ్వురా," అంది. "మీ బాపు కాడికి పోదాం."